మంచుదీపము మసకబారినపుడు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలుకొని సంక్రాంతి వెళ్లి రథసప్తమి సమీపించువరకు, తెల్లవారుజామున చిలకలూరిపేట చుట్టుపట్ల నల్లరేగడి పొలములమీద దిగు పొగమంచు ఎట్టిదో, ఆ వేళ జాతీయ రహదారిమీద గుంటూరు వైపునకో ఒంగోలు వైపునకో బండి తోలుకొని పోయినవారికి వేరుగ చెప్పవలసిన పని లేదు. మబ్బు లేని రాత్రి నేల తన పగటి వేడిమిని ఆకాశమునకు వదలి చల్లబడుటయు, కుప్పగంజి, ఓగేరు వాగుల వెంబడియు సాగరు కాలువ నీరు పారిన చేలమీదను నిలిచిన తేమ ఆ చల్లదనము సోకి, కంటికి ఆనని నీటిబిందువులై, గాలియాడని చోటనెల్ల పేరుకొనుటయు దీనికి హేతువులు. పది గజముల ముందున్న పత్తి లోడు లారీ వెనుకభాగము ఆ తెల్లని తెరలోనుండి ఉన్నట్టుండి పొడసూపినపుడు గుండె ఝల్లుమనని చోదకుడు ఉండడు.

ఈ భయమే ఇటీవలి సంవత్సరములలో మన పేటలో ఒక వ్యాపారమునకు ప్రాణము పోసినది. కారు కొన్నవాడు, కంపెనీవారు అమర్చి ఇచ్చిన దీపములు మంచుకు చాలవని తలచి, ముందు బంపరులో వేరుగ ఎల్.ఇ.డి. ఫాగులైట్లు బిగింపించుకొనుచున్నాడు, ఆరు మాసములు గడచునో లేదో, 'లైట్లు డిమ్మయినయ్' అని మరల అంగడి మెట్లెక్కి, మునుపటికంటె ఎక్కువ వాట్లు అట్టపెట్టెమీద ముద్రించియున్న మరియొక జత కొనుచున్నాడు. మసకబారుటకు కారణము విచారింపక దీపమునే మార్చివేయు ఈ అలవాటు కొనువాని సొమ్మును దండుగ చేయుటయే గాక, ఎదుట వచ్చువాని కన్నులను కూడ పొడుచుచున్నదని నా దృఢమైన అభిప్రాయము. వెలుగు చాలని చోట మొదట వెదకవలసినది కొత్త దీపమును గాదనియు, పాతదీపమునకు చేరవలసిన కరెంటు ఎచ్చట ఆగిపోవుచున్నదో దానిననియు నేను తెలిసికొన్నది పుస్తకములవలన గాదు. నా కారు నేర్పినది.

రెండేండ్ల క్రిందట నేనును అందరివలెనే ఒక జత దీపములు బిగింపించితిని. మొదటి చలికాలము బాగుగనే గడచినది. వానలు వెళ్లి కార్తికము వచ్చుసరికి ఎడమవైపు దీపము కుడిదానికంటె నీరసించినట్లు గోడమీద స్పష్టముగ కనబడజొచ్చినది. అంగడివారు జత మార్చుమనిరి. నా అదృష్టవశమున మా వీధిలో ఒక ఆటో ఎలక్ట్రీషియను కలడు. ఏటేట మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు ప్రభకు లైటింగు తీగెలు లాగు పనికి పోవువాడు. మన ప్రాంతమున కావూరు, పురుషోత్తమపట్నము మొదలగు గ్రామములనుండి ఆ కొండ తిరునాళ్లకు పోవు ప్రభల నెరిగినవారికి ఆ పనియెట్టిదో తెలియును. ఆకాశమునంటు ఆ కట్టడముమీద వేలకొలది దీపములు, క్రింద జనరేటరు, నడుమ లెక్కలేనన్ని జాయింట్లు. దారి పొడుగున కుదుపులు. అందులో ఒక వరుస మసకబారినపుడు బల్బులన్నియు విప్పుకొనుచు కూర్చున్నచో తెల్లవారిపోవును. జాయింటును పట్టుకొన్నవాడే పనివాడు. నా కారు చూచి ఆతడనిన మొదటి మాట ఇది: "లైటు మార్చబాకండి మాస్టారూ. ముందు ఎర్త్ చూద్దాం."

చూచిన విధము చెప్పెదను. ఏలయనగా ఇది ఇంటిలో ఎవరైనను చేసికొనదగినది. కారును మా ప్రహరీగోడకు ఎదురుగ నిలిపి, ఎడమ దీపమును కుడివైపునకును, కుడి దీపమును ఎడమవైపునకును మార్చి బిగించెను. మసక ఎడమవైపుననే ఉండిపోయినది. దీపము నిర్దోషియని తేలినది. అంగడివారి మాట విన్నచో నేను పారవేసియుండెడిది ఆ నిర్దోషినే గదా! పిదప ఇంజను నడుచుచుండగా మీటరుతో బ్యాటరీ మొనలవద్ద కొలిచెను: 14.0 వోల్టులు. ఎడమ దీపము వెలుగుచుండగనే దాని కప్లరువద్ద కొలిచెను: 12.1 మాత్రమే. వెలుగుచుండగనే అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలయును. దీపమును ఊడదీసి ఉత్త కప్లరులో కొలిచినచో, పూర్తిగ తెగనంతవరకు ఎంత చెడిన జాయింటైనను నిండు వోల్టేజినే చూపును. ప్రవాహము లేని చోట నిరోధము తన గుణమును బయటపెట్టదు. మన మెకానిక్కులలో పలువురు ఇచ్చటనే మోసపోయి, 'పవరు బాగానే వస్తంది, లైటే పోయింది' అని తీర్పు చెప్పుచున్నారు.

దారిలో పోయిన ఆ 1.9 వోల్టులు ఎచ్చట పోయినవి? మీటరు కొన ఒకటి దీపము నల్లతీగెమీదను, రెండవది బ్యాటరీ నెగెటివు మొనమీదను ఉంచెను. "ఇక్కడ సున్నాకి దగ్గర్లో ఉండాల. ఒకటీ పాయింట్ నాలుగు చూపిస్తంది, చూడండి." మిగిలిన అరవోల్టు పాజిటివు వైపు పొడవైన సన్నతీగెలో పోవుచున్నది. బంపరు అడుగున పడుకొని, సెల్‌ఫోను దీపముతో నాకు చూపెను: ఆ నల్లతీగె, అనగా ఎర్త్ తీగె, కొనను రంగు వేసిన బ్రాకెట్టుమీదనే, రంగు గీకకుండ, ఒక బోల్టుతో అదిమి వదలిరి. బోల్టు అంచుల సన్నని సందులోనుండి మాత్రమే కొంత కరెంటు పోవుచుండెను. ఒక వర్షాకాలపు బురదనీరు ఆ సందును కూడ చిలుముతో పూడ్చినది. రాగితీగె కొన పచ్చబడియున్నది. వ్రేలితో తాకగా పొడి రాలినది. ఎమిరీ కాగితముతో తెల్లని లోహము బయటపడువరకు గీకి, పండ్లున్న వాషరు వేసి బిగించి, పైన కొంచెము వాసెలీను పూసెను. మరల కొలిచినపుడు ఎర్త్ వైపు 0.1, దీపమువద్ద 13.4. ఖర్చు లేదనియే చెప్పవలయును. కాఫీ త్రాగి వెళ్లెను.

పదింట ఒక వంతు వోల్టేజి తగ్గినంతమాత్రమున కంటికి తెలియునంత మసక ఏల కలుగవలయునని నాకు సందేహము కలిగినది. లెక్క వేసి చూచుకొనగా అందులోని మర్మము తెలిసినది. పాత ఫిలమెంటు బల్బు వోల్టేజి చాల తగ్గినను ఎంతో కొంత ఎర్రగనైనను వెలుగును, ఎల్.ఇ.డి. చిప్పు అట్టిది గాదు. తెల్లని చిప్పు ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు తీసికొనిన గాని వెలుగనే వెలుగదు. మూడు చిప్పులను వరుసగ కూర్చి ముందొక రెసిస్టరు పెట్టిన చవుకరకపు దీపములో మొదటి 9 వోల్టులు ఆ చిప్పులకే చెల్లిపోవును, మిగిలినదానినిబట్టియే కరెంటు. 13.4 ఉన్నచో మిగులునది 4.4, 12.1 ఉన్నచో 3.1. అనగా కరెంటులో ఇంచుమించు మూడవ వంతు కోతపడినది, వెలుగును అంతే. లోపల మంచి డ్రైవరు సర్క్యూటు గల దీపములు వేరు. అవి వోల్టేజి కొంత తగ్గినను కరెంటును ఒకే తీరున నిలుపుకొనును. మరీ తగ్గినపుడు మాత్రము రెపరెపలాడును. కావున నెమ్మదిగ మసకబారు దీపమునకును, మిణుకుమిణుకుమను దీపమునకును రోగమొకటే కావచ్చును; లక్షణము మాత్రము దాని లోపలి కూర్పునుబట్టి మారును.

అన్ని మసకలకు మూలము ఎర్త్ అనుటలేదు. వేయగానే ధగద్ధగ వెలిగి పదునైదు నిమిషములలో నీరసించు దీపములున్నవి. వీనికి జబ్బు వేడిమి. ఎల్.ఇ.డి. ముందునకు వేడినీయక పోవుటచే అది చల్లని దీపమని మనవారి నమ్మకము. నిజమునకు ఆ వేడియంతయు చిప్పు వెనుకకు, అల్యూమినియము రెక్కలలోనికి దిగవలయును. ఆ రెక్కలమీద మట్టి గట్టకట్టినను, వెనుకనున్న చిన్న ఫాను నీరు సోకి ఆగిపోయినను, చిప్పు కాలిపోకుండుటకై మంచి దీపము తన వెలుగును తానే తగ్గించుకొనును; ఆ ఏర్పాటు లేనిది కొన్ని మాసములలో శాశ్వతముగనే చీకిపోవును. ఇక నేటి కొత్తకార్లలో కొన్నిట, ఫాగులైటు తీగెకు కరెంటు నిండుధారగ గాక, లోపలి కంప్యూటరు తుంచి తుంచి పంపు తునకలుగ వచ్చును. ఫిలమెంటునకు అది తెలియదు గాని, ఎల్.ఇ.డి. అందులకు తడబడును. అట్టిచోట బ్యాటరీనుండి నేరుగ ఫ్యూజుతోడి తీగె లాగి, పాత తీగెచే, అట్టి కరెంటునకు తగిన రిలేను మాత్రము నడిపించుట పద్ధతి. ముందరి ప్లాస్టికు అద్దము ఎండకు పసుపెక్కి మసకబారుటయు సామాన్యమైన కారణమే. దానిని తుడిచి చూడకుండ మీటరు తీయనక్కరలేదు.

వాట్ల సంగతి ఒక్కటి చెప్పి ముందునకు పోయెదను. నా దీపముల పెట్టెమీద ఒక్కొక్కటి 60 వాట్లని వ్రాసియున్నది. 13.4 వోల్టులవద్ద 60 వాట్లు కావలయుననిన నాలుగున్నర ఆంపియర్ల ప్రవాహముండవలయును. మీటరులో కనబడినది ఒకటిన్నర. అనగా 20 వాట్లు. దీనిని నేను చిన్నవిషయముగ భావింపజాలను. కిరాణా అంగడిలో కిలో అని చెప్పి మూడవ వంతు తూచి ఇచ్చినవానిని మనము ఊరుకొందుమా? తూనికలు కొలతల శాఖవారు తక్కెడలకు ముద్రలు వేయు దేశమున, దీపపు పెట్టెమీది అంకె నెవ్వరును తూచి చూడకపోవుట న్యాయము గాదు. ఎంత కరెంటు తీసికొనునో పెట్టెమీద ఆంపియర్లలో ముద్రించుట విధిగ చేసినచో, పది నిమిషములలో ఏ మెకానిక్కైనను నిజానిజములు తేల్చగలడు.

వెలుగు తిరిగి వచ్చినదని సంతోషించి, ఎర్త్ బాగుచేసిన మరునాడు తెల్లవారకముందే నరసరావుపేట దారిన బయలుదేరితిని. పేట దాటి చేల నడుమకు పోగానే మంచు కమ్మినది. దీపములు వేసితిని. నా ఎదుట తెల్లని గోడ నిలిచినది! ఎడమ దీపము మసకగ ఉన్న దినములలో కనబడుచుండిన రోడ్డు అంచు గీత కూడ ఇపుడు కనబడుట లేదు. బండి ప్రక్కకు ఆపి, దిగి చూచితిని. దీపముల వెలుగు నేలను తాకుటకు మారుగ నేరుగ పైకెగసి, మంచులో రెండు తెల్లని స్తంభములవలె నిలిచియున్నది. బోల్టులు విప్పి బిగించిన సందడిలో వాని వాలు మారిపోయినది. మేమిద్దరమును వెలుగును కొలిచితిమి గాని, అది ఎచ్చటికి పోవుచున్నదో చూడలేదు.

పొగమంచు స్వభావమే అట్టిది. అందలి నీటిబిందువులు వెలుగు అలలకంటె ఎన్నో రెట్లు పెద్దవి. తమపై పడిన వెలుగులో కొంతభాగమును అవి వచ్చినవైపునకే త్రిప్పికొట్టును. దీపము ఎంత తీవ్రమైనదో ఆ తిరుగువెలుగును అంత తీవ్రము. అందుచేతనే నిజమైన మంచుదీపమును శాస్త్రజ్ఞులు వెలుగు ఎక్కువగుటకు గాక, ఆకారము వేరగుటకు రూపొందించిరి: పైయంచు కత్తితో కోసినట్లు చదునుగ, ఇరుప్రక్కలకు విశాలముగ, బంపరు క్రింద తక్కువ ఎత్తున, మంచుతెర అడుగునుండి రోడ్డు అంచులను మాత్రము తడిమి చూపునట్లు. ఫిలమెంటు బల్బునకై మలచిన రిఫ్లెక్టరులో ఎల్.ఇ.డి. బల్బు దూర్చినపుడు ఈ ఆకారమే చెడిపోవును. ఏలయనగా ఫిలమెంటున్న బిందువునందు చిప్పు ఉండదు. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినను వెలుగు చెదరి పైకెక్కును. వెలుగు తగ్గినదని ఫిర్యాదు చేయువారిలో చాలమందికి నిజముగ తగ్గినది రోడ్డుమీది వెలుగు మాత్రమే. తక్కినది చెట్లకొమ్మలమీదను, ఎదుటివాని ముఖముమీదను పడుచున్నది.

పసుపు దీపము మంచును చీల్చునని ఒక నమ్మకము కలదు. ఫ్రాన్సు దేశమున 1930ల చివరి సంవత్సరములనుండి 1993 వరకు కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండవలయునని చట్టముండెను. బిందువులు ఇంత పెద్దవైనపుడు ఏ రంగైనను ఇంచుమించు ఒకే తీరున చెదరును గావున, చీల్చుట అనునది నిజము గాదు. అయినను నీలపు పాలు తగ్గిన పసుపు వెలుగు కంటికి గ్రుచ్చుకొనదని అనుభవజ్ఞులు చెప్పుమాటలో సత్యమున్నది, నేనును దానినే వాడుచున్నాను. నేటి తెల్లని ఎల్.ఇ.డి.యు పుట్టుకచే తెల్లనిది గాదు. నీలపు చిప్పుమీద పసుపు పూత వేయగా ఆ రెండును కలసి తెల్లగ కనబడుచున్నవి. ఆ నీలపు చిప్పును సాధించినందులకే అకసాకి, అమనో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చినది. పెట్టెమీద 6000 కెల్విన్లు అని ఉన్నచో నీలపు పాలెక్కువ. 3000 అని ఉన్నచో పసుపు.

ఎదుటివాని మాట వచ్చినది గనుక నిలిచి చెప్పవలయును. మన రోడ్లమీద తెల్లవారుజామున ఎదురు వచ్చువారందరు కార్లలో లేరు. పాలక్యానులు తగిలించుకొని మోటారుసైకిలుమీద వచ్చువాడు, మిరపకోతలకు ఆటోలో క్రిక్కిరిసి పోవు కూలీ స్త్రీలు, శివరాత్రి ముందు కొండకు కాలినడకన పోవు భక్తులు, వీరందరి కన్నులలోనికి మన ఫాగులైటు సూటిగ పోవుచున్నది. వెలుగు దెబ్బకు చూపు తేరుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ క్షణములలో మోటారుసైకిలువాడు గ్రుడ్డివాడే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 106వ నియమము, ముందుదీపపు వెలుగు 8 మీటర్ల దూరముననున్నవాని కన్నులను మిరుమిట్లు గొలుపకుండునట్లు క్రిందికి వంగియుండవలయునని ఏనాడో శాసించినది. 2019 సవరణ తరువాత, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5000 రూపాయల జరిమానాయో, ఆరు మాసములవరకు కారాగారవాసమో, రెండునో విధింపవచ్చును. చట్టమునకు కొదువ లేదు. చూచు కన్ను లేదు. లారీకి, బస్సుకు నిర్ణీత కాలమున ఫిట్నెసు పరీక్ష యున్నది. సొంతకారునకు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును గావున, అంతవరకు దాని దీపము ఎటు చూచుచున్నదో అడుగువాడే లేడు. కాలుష్యపు సర్టిఫికెట్టుకై కొత్తవి తప్ప ప్రతి కారును ఏటేట ఒక కేంద్రమునకు పోవలసియే యున్నది. అచ్చటనే గోడమీద ఒక గీత గీసి దీపముల వాలు కూడ చూచుట కష్టమైన పని గాదు. రవాణాశాఖవారు దీనిని ఆలోచింపవలయునని కోరుచున్నాను.

ముందు దీపములకై వేలు పోయు మనము వెనుక దీపమును మరచుచున్నాము. ఇది నా మనస్సును మిక్కిలి కలచు విషయము. మంచులో మనలను కాపాడునది మనము చూచుట ఎంతయో, మనలను వెనుకవాడు చూచుటయు అంతే. పొలమునుండి పత్తి వేసికొని వచ్చు ట్రాక్టరు ట్రక్కులకు వెనుక దీపములుండుట అరుదు. ఉన్నను వెలుగుట మరియు అరుదు. రెండు మూరల ఎర్ర రిఫ్లెక్టరు టేపు, ఒక ఎర్ర దీపము, దానికి గట్టి ఎర్త్: ఒక జత ఫాగులైట్ల ధరలో అట్టి ట్రక్కులు ఎన్నింటికో అమర్చవచ్చును. జిన్నింగు మిల్లుల యజమానులును, మార్కెట్టు యార్డువారును సరుకు దింపు ద్వారమువద్దనే ఈ పని చేయింపగలరు. పత్తి తెచ్చు ప్రతి ట్రక్కును వారి యెదుటికి రాక తప్పదు గదా.

ఆ దినము ఇంటికి వచ్చి మా ఎలక్ట్రీషియనును మరల పిలిచితిని. కారును సమతలముననుంచి, గోడకు 25 అడుగుల దూరమున నిలిపి, దీపము నడిబొడ్డు ఎత్తును గోడమీద సుద్దతో గుర్తించి, ఆ గుర్తునకు 4 అంగుళములు క్రిందుగ మరియొక గీత గీసెను. వెలుగు పైయంచు ఆ క్రిందిగీతను తాకువరకు దీపములను వంచి బిగించెను. నా దీపములు నేలకు 16 అంగుళముల ఎత్తుననున్నవి. 25 అడుగులకు 4 అంగుళముల చొప్పున వంగిన వెలుగు నూరడుగుల దగ్గర నేలలో కలియును. "అంతేనా? నూరడుగులే కనపడతయ్యా?" అని నేననగా, "అంతలో ఆగేట్టు పోవాల మాస్టారూ" అనెను. ఇంటిలోనికి పోయి లెక్క కట్టితిని. గంటకు 40 కిలోమీటర్ల వేగమున కాలు బ్రేకుమీదికి పోవు సెకనులో 11 మీటర్లు, బ్రేకు పట్టిన పిదప మరి 10 మీటర్లు, తడిరోడ్డుమీద ఇంకొక అయిదు. నూరడుగులనగా 30 మీటర్లు. సరిపోయినది. అదే 80లో పోయినచో, రోడ్డు పొడిగ ఉన్నను అరువది మీటర్లు దాటిన గాని బండి ఆగదు. ఆ వేగమునకు చాలు మంచుదీపము ఏ అంగడిలోను దొరకదు.

ఆ సుద్దగీతలు వానకు చెరిగిపోవుచుండుటచే నల్లరంగుతో గీయించితిని. ఇపుడు మా వీధిలోని కార్లు ఆదివారము సాయంకాలములయందు ఒకటొకటిగ వచ్చి ఆ గోడకు ఎదురుగ నిలుచుచున్నవి. మొన్న ఒక కుర్రవాడు కొత్త జత పెట్టె చంకనబెట్టుకొని, పాతవి చాలుట లేదనుచు వచ్చెను. ముందుగ అతని బంపరు క్రిందికి దూరి, ఎర్త్ బోల్టు విప్పి చూచితిమి.